ఇంకా ఉంది

మా చిన్నతనమున చందమామ మాసపత్రిక మద్రాసునుండి రైలుబండిలో వచ్చుచుండెను. ఉత్తరముగా సాగు ఆ బండికి ముందుగా బాపట్ల తగులును, పిదప తెనాలి. తెనాలిలో కట్టలు దింపి, కొమ్మదారిని పోవు చిన్నబండిలో వేసిన తరువాత వేమూరు, భట్టిప్రోలు దాటి, కట్టకడపట అవి మా రేపల్లె చేరెడివి. రేపల్లె ఆ దారికి చివరి స్టేషను. అందుచేత లోకములోని వింతలన్నియు మాకు అందరికంటె వెనుకగా తెలియునని నాకొక దిగులుండెడిది.

బాపట్లలో మా మేనత్తగారి ఇల్లు. తెనాలిలో మా మేనమామగారి ఇల్లు. నేను రేపల్లెలో తల్లిదండ్రులతోను, నాయనమ్మతోను ఉంటిని. ఈ మూడిండ్లను బంధుత్వము కలిపిన మాట నిజమే. కాని ఆ రోజులలో మమ్ము నెలనెల కలిపి ఉంచినది చందమామలోని ధారావాహిక కథ యని చెప్పినచో అతిశయోక్తి కాదు.

నేటి బాలబాలికలకు చందమామను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆ పత్రిక 1947 జూలై నెలలో మద్రాసున పుట్టినది. స్థాపించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు. చక్రపాణిగారిది తెనాలి. 1952 మొదలు 1980లో తాము కన్ను మూయువరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలోనే జన్మించిరి. ఈ సంగతులు మా మేనమామ తన సొంత ఆస్తిని లెక్కించినట్లు లెక్కించి చెప్పెడివాడు. ఆయన తెనాలిలో ఒక అచ్చాపీసులో కంపోజిటరు. సీసపు అక్షరములను ఏరి ఏరి ఆయన వ్రేళ్ళ కొనలు నల్లబడియుండెడివి.

ఆ పత్రికలో 1954లో 'తోకచుక్క' అను ధారావాహిక వెలువడినది. అటుపిమ్మట 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' వరుసగా వచ్చినవి. పండ్రెండవదియు కడపటిదియు 'భల్లూక మాంత్రికుడు'. అది 1978లో ముగిసినది. ఇవి ఒకే కథకు భాగములు కావు. ఖడ్గవర్మ, జీవదత్తులు మాత్రము 'రాతిరథము'లో కనబడి 'యక్షపర్వతము'లో మరల కనబడుదురు. తక్కిన కథలలో వీరులు వేరు, అడవులు వేరు, మాంత్రికులు వేరు. అయినను మా మనస్సులకు అదంతయు ఒకే లోకము. శిఖిముఖి, విక్రమకేసరి తిరిగిన అడవికి ఆవలి కొండ యెక్కినచో జయశీలుడు, సిద్ధసాధకుడు కనబడుదురని నేను దృఢముగా నమ్మియుంటిని. ఆ లోకమునకు రూపు కల్పించినవారు చిత్రకారులు చిత్రగారు. ఆయన గీసిన రాక్షసుని చూచి భయపడుటయు, ఆ భయము చాలక మరల ఆ పుట తెరచి చూచుటయు మాకు నిత్యకృత్యములు.

ఆ కథలపై మమకారము మా యింటికే పరిమితమైనది కాదు. 1960వ దశకము నడుమ కొంతకాలము ఆ కథల వరుస ఆగి, వాని స్థానమున బంకించంద్రుని 'దుర్గేశనందిని' మున్నగునవి చందమామలో వెలువడినవి. అవి గొప్ప రచనలే. కాని పిల్లలకు మాంత్రికులు కావలెను, గండభేరుండములు కావలెను. పాఠకుల మనస్సు గ్రహించి 1966లో 'పాతాళదుర్గము'తో మరల ఆ వరుస సాగించిరి. మేనమామ ఈ కథ చెప్పునప్పుడెల్ల, "చదివేవాడి మాటకు విలువ ఉంటుందిరా" అని ముగించెడివాడు.

'భల్లూక మాంత్రికుడు' వచ్చునాటికి నాకు పండ్రెండేండ్లు. మేనత్త కొడుకు నాకంటె ఏడాది పెద్ద. అతనికొక చెల్లెలు. ఆమెకు ఎనిమిదేండ్లు. వారికి పత్రిక మాకంటె రెండుమూడు దినములు ముందు దొరకును గనుక మా నడుమ ఒక ఒడంబడిక జరిగినది. వారు కథ చదివిన వెంటనే కార్డు వ్రాయవలెను. కాని కథ చెప్పరాదు. చెప్పినవారికి వేసవి సెలవులలో తాటిముంజలు పెట్టరాదని శిక్ష.

బావ ఆ కార్డుపై యోగక్షేమములు వ్రాసెడివాడు. క్రింద మిగిలిన మూలలో అతని చెల్లెలు ఒక ఎలుగుబంటిని గీసెడిది. ఎలుగుబంటి నవ్వుచున్నచో ఆ నెల కథ సుఖముగా ఆగినదని అర్థము. పండ్లు బయటపెట్టినచో కాళీవర్మకు ఆపద వచ్చినదని అర్థము. చేయి పైకెత్తి నిలిచినచో, ఇంక ఊపిరి బిగబట్టి చదువవలసినదని అర్థము. ఒడంబడికకు భంగము లేదు, కబురు మాత్రము అందెను. ఇంతటి యుక్తి ఎనిమిదేండ్ల పిల్లకు ఎట్లు తోచెనో నాకిప్పటికిని వింతయే. ఆ యెలుగుబంటి చూచుటకు చందమామకంటె ముందుగా తపాలా బంట్రోతు కొరకు వాకిట నిలుచుండెడివాడను.

పత్రిక వచ్చిన దినమున సాయంకాలము దీపము పెట్టిన పిదప నేను నాయనమ్మకు కథ చదివి వినిపింపవలెను. ఆమెకు చదువు రాదు. రామాయణ భారతములు హరికథలలో విని కంఠస్థము చేసినది. మాంత్రికుని మాట వచ్చినపుడు "వాడి దుంప తెగ" అని శపించుచు, వీరునికి గాయమైనపుడు "అయ్యో నాయనా" అని నొచ్చుకొనుచు వినెడిది. ప్రతి మాసమును కథ చివర కుండలీకరణములలో 'ఇంకా ఉంది' అని ఉండెడిది. అదియు నేను చదువవలసినదే. చదువనిచో ఆమె లేచెడిది కాదు. "ఇంకా ఉంది కదా" అని అడిగి, ఉన్నదని చెప్పిన పిదపనే పాన్పు చేరెడిది.

1977వ సంవత్సరము నవంబరు సంచికకు వచ్చిన కార్డుపై ఎలుగుబంటి చేయి పైకెత్తి నిలిచియున్నది.

ఆ నెల 19వ తేదీన ఉప్పెన వచ్చినది. దానిని గూర్చి మీరు పెద్దలవలన వినియే యుందురు. కృష్ణకు ఆవలనున్న దివిసీమలో సముద్రము ఊళ్ళమీదికి వచ్చి పడెను. పదివేలకు పైగా జనులు మరణించిరి. పశువులకు లెక్క లేదు. మా రేపల్లె తాలూకా తీరగ్రామములును, బాపట్ల పరిసరములును ఆ గాలికి గురియైనవి. బాపట్లలో ఒక ప్రార్థనా మందిరమున తలదాచుకొన్నవారిపై ఆ కట్టడమే కూలి దాదాపు నూరుగురు మరణించిరి. ఆ రాత్రి మా యింటి పెంకులు ఆకులవలె లేచిపోవుచుండ, మేము ధాన్యపు గాదె ప్రక్కను ఒకరినొకరు పట్టుకొని కూర్చుంటిమి. తెల్లవారిన పిదప చూడగా వీధిలో చెట్టన్నది నిలిచియుండలేదు.

బాపట్లనుండి కబురు వచ్చుటకు ఐదు దినములు పట్టినది. మేనత్తగారి ఇంటి పడమటి గోడ కూలినది. గోడ ప్రక్కను పండుకొన్న పిల్ల ఇక లేదు.

నాయనమ్మకు ఆమె కూతురి కూతురు. నేను ఆ వృద్ధురాలి దుఃఖమును వర్ణింపను. చాలదినములు ఆమె దీపము పెట్టు వేళకు వాకిటిలోనికి వచ్చి కూర్చుండి, ఎవరితోను మాటలాడక, చీకటి పడిన తరువాత లోనికి పోయెడిది. డిసెంబరు నెల చందమామ ఆలస్యముగా వచ్చినది. దానికి ముందు కార్డు రాలేదు. నేను పత్రిక తెరువక పెట్టెలో పెట్టితిని. నాలుగైదు దినములు గడచిన తరువాత నాయనమ్మయే, "కథ రాలేదురా?" అని అడిగినది. నేను తడబడుచు వచ్చినదంటిని. "చదువు" అన్నది. చదివితిని. మాంత్రికుని ఆమె శపింపలేదు. చివర మాత్రము, "ఇంకా ఉంది కదా" అని అడిగినది.

ఆ విధముగా 1978 వచ్చినది. కథ నెలనెల సాగినది. బాపట్లనుండి కార్డులు రాలేదు. నేను రెండు ఉత్తరములు వ్రాసితిని. బావ బదులు వ్రాయలేదు. చదువువేళలో నాకు మనస్సున కొంత కోపము కూడ కలిగినదని ఒప్పుకొనక తప్పదు. పదునాలుగేండ్ల వయస్సున పరుల దుఃఖము ఎంతకాలముండవలెనో మనమే నిర్ణయింపవచ్చునని అనుకొందుము.

కడపటి సంచిక వచ్చిన దినము నాకు చక్కగా జ్ఞాపకమున్నది. పుటలు త్రిప్పుచు కథ చివరకు వచ్చితిని. అచట నెలనెల కనబడు 'ఇంకా ఉంది' లేదు. కథ ముగిసినది. ఎట్లు ముగిసినదో నేనిచట వ్రాయను. మీలో ఎవరైన చదువదలచినచో ఆ యానందమును ముందుగా అపహరించుటకు నాకు అధికారము లేదు. మా ఒడంబడిక ఇప్పటికిని చెల్లును.

ఆ ముగింపు విని మా వారు తలకొక విధముగా నొచ్చుకొనిరి. మేనమామ మరునాటి బండిలో పనిమీద రేపల్లె వచ్చి, "ఇంకో ఆర్నెల్లు సాగదీయవలసిందిరా, త్వరపడ్డారు" అని తీర్పు చెప్పెను. ఇంగ్లండులో జరిగిన ముచ్చట యొకటి ఆయనకు అచ్చాపీసులో ఎవరో చెప్పియుండిరి. 1893లో కానన్ డాయిల్ అను రచయిత తన అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్సును ఒక కథలో చంపివేసెను. పాఠకులు ఆగ్రహించి ఉత్తరములు వ్రాసిరి. పదేండ్లు గడచిన పిదప, 1903లో, ఆ రచయిత చచ్చినవానిని మరల బ్రతికింపవలసి వచ్చినది. "మనమూ వ్రాయాలి. వ్రాస్తే ఇంకొకటి మొదలుపెడతారు" అని మామయ్య నన్ను ప్రోత్సహించెను.

నాకు ప్రోత్సాహము అక్కరలేదు. నాలో మంటయే రేగుచుండెను. ఆ రాత్రియే కాగితము తీసికొని వ్రాయ మొదలిడితిని. "అయ్యా! ఇన్నేండ్లు మమ్ము వెంట త్రిప్పికొని ఇట్లు నడివీధిలో విడిచిపోవుట న్యాయమా? మీకు చేతులెట్లు వచ్చినవి?" అని మొదలుపెట్టి, ఒక పుట నిండ నిష్ఠూరములు వ్రాసితిని. నేటికి ఆ కాగితము నాకడ నున్నది. దానిని ఇప్పుడు చదివినచో, ఆ నిష్ఠూరములలో సగము కథా రచయితకు చెందినవి కావని తెలియుచున్నది. ఉప్పెనకు ఉత్తరము వ్రాయుటకు వీలులేదు గనుక నేను రచయితకు వ్రాసితిని.

నాయనమ్మ, "ఎవరికిరా వ్రాస్తున్నావు?" అని అడిగినది. కథ వ్రాసినవారికని చెప్పితిని. "వారి పేరేమిటి?" అన్నది. నేను చందమామ తెరచి వెదకితిని. పేరు లేదు. ఆ ధారావాహికలపై రచయిత పేరు ముద్రించు ఆచారము లేదు. పండ్రెండు కథలు చదివిన వారికిని ఆయన పేరు తెలియదు. ఆ సంగతి నాకంతవరకు తట్టనేలేదు. నాయనమ్మ నవ్వినది. ఉప్పెన తరువాత ఆమె నవ్వుట నేనదే చూచుట. "పేరు తెలియనివాణ్ణి తిట్టడం ఎందుకురా? ముందు పేరు కనుక్కో. తరువాత తిట్టవచ్చు" అన్నది. నేను ఆ కాగితము మడచి పెట్టెలో పెట్టితిని.

అప్పుడామె అన్న రెండవ మాట నేను మరువజాలను. "ఇంకొకసారి చదువు. ఇందాక నాకోసం చదివావు. ఈసారి దానికోసం చదువు. పిచ్చిది, చివర వినకుండానే పోయింది."

నేను మొదటినుండి చివరవరకు మరల చదివితిని. గొంతు రెండుమూడు చోట్ల పట్టినది. నాయనమ్మ తన ప్రక్కను చాపపై కొంత చోటు విడిచి కూర్చున్నది. ముగిసిన పిదప, "ఇంకా ఉంది కదా" అని అడుగలేదు. లేచి, నా తల నిమిరి, లోనికి పోయినది.

వేసవి సెలవులలో నేను ఆ సంచికలు మూట గట్టికొని బాపట్ల పోయితిని. ఉప్పెనలో తడిసి, ముద్దయై, అట్టలవలె గట్టిపడిన పాత చందమామలను అత్తయ్య పారవేయక అటకపై దాచియుంచినది. నేను బావ యెదుట నా మూట విప్పితిని. డిసెంబరు మొదలు కడపటివరకు గల సంచికలన్నియు అతడు చదువలేదని అప్పుడు తెలిసినది. నేను కడపటి సంచిక చేతికిచ్చితిని. అతడు దానిని పుచ్చుకొని, బొమ్మయైన చూడక, తిరిగి నాకిచ్చెను. "నేను చదవనురా. దానికి తెలియనిది నాకెందుకు?" అనెను. ఆ పైన ఆ ప్రసక్తి మా నడుమ ముప్పదియేండ్లకు పైగా రాలేదు.

ఆ 1978లోనే చిత్రగారు కన్ను మూసిరి. 'భల్లూక మాంత్రికుని' తరువాత ఆ రచయిత కలమునుండి కొత్త ధారావాహిక చందమామలో రాలేదు. నేను కొంతకాలము నెలనెల ఎదురుచూచి, క్రమముగా పెద్దవాడనై, తెలుగు పండితుడనై, కావ్యములలో పడిపోతిని.

చాల సంవత్సరముల తరువాత నేను పనిచేయుచున్న పాఠశాలలో ఒక ముచ్చట జరిగినది. 2007 జూలై 21వ తేదీన హారీ పోటర్ కథలలో ఏడవదియు కడపటిదియునైన గ్రంథము లోకమంతటను వెలువడినది. మొదటి ఇరువది నాలుగు గంటలలో బ్రిటను, అమెరికా దేశములలోనే సుమారు 1 కోటి 10 లక్షల ప్రతులు అమ్ముడైనవి. మా తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక తండ్రి హైదరాబాదునుండి ఆ గ్రంథము తెచ్చియిచ్చెను. అది చేతులు మారినది. ఇంగ్లీషు బాగుగా వచ్చిన నలుగురైదుగురు చదివిరి. ఒకడు ముందుగా కడపటి పుట చదివి, తరువాత మొదటి పుట తెరచెను. ఒకడు తనకిష్టమైన పాత్ర మరణించినదని రెండు దినములు అన్నము సరిగ తినలేదట. ఒక బాలిక ముగింపు చాల చక్కగా నున్నదనగా, వేరొక బాలిక అంత చక్కగా ముగియరాదని వాదించినది. గ్రంథము తెచ్చిన పిల్ల మాత్రము కడపటి అధ్యాయమునకు కాగితము చుట్టి, దారము కట్టి, చదువక ఉంచుకొన్నది. నేను కారణమడుగగా, "చదివేస్తే అయిపోతుంది కదా సార్" అన్నది.

తోటి ఉపాధ్యాయులు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. నాకు బాపట్లలోని మా బావ జ్ఞాపకము వచ్చెను. ఆ పిల్లలలో మా మేనమామయు, నేనును, నాయనమ్మయు కూడ కనబడితిమి. దేశము వేరు, భాష వేరు, ముప్పదియేండ్ల అంతరము. కాని ఇష్టమైన కథ ముగిసినప్పుడు మనుష్యుని మనస్సు పోవు దారులు ఇంచుమించుగా అవియే.

2010 జనవరిలో దాసరి సుబ్రహ్మణ్యంగారు మరణించిరను వార్త చదివితిని. 'తోకచుక్క' మొదలు 'భల్లూక మాంత్రికుడు' వరకు గల పండ్రెండు కథలును ఆయన వ్రాసినవే. ఆయన 1932లో జన్మించి, ఇరువదియేండ్ల ప్రాయమున 1952లో చందమామలో చేరి, అర్ధశతాబ్దమునకు పైగా అచటనే పనిచేసిరి. ఆయన జన్మస్థలము పెదగాదెలవర్రు. అది మా తెనాలి ప్రాంతపు పల్లె. నేను మద్రాసులో ఎచటనో మేడపై కూర్చున్న కఠినాత్ముడని తలచి నిష్ఠూరములాడినవాడు మా పొలముల నడుమ పుట్టినవాడు. మా కాలువల నీరు త్రాగినవాడు. ఆయన కథలలో మాటలు మాకంత సులువుగా అబ్బుటకు కారణము ఇదియే కాబోలునని తోచినది.

నాయనమ్మ చెప్పిన పేరు నాకు దొరికినది. కాని దొరికిన దినము ఆయన లేని దినము. ముప్పది రెండేండ్లలో ఒక్కనాడైనను నేనాపేరు కొరకు వెదకలేదు. తిట్టుటకు కలము పట్టినవాడను, కృతజ్ఞత చెప్పుటకు పట్టకపోతిని. ఈ లోపమునకు నేను తప్ప మరియొకరు బాధ్యులు కారు.

ఇటీవలి కాలమున ఆ ధారావాహికలు పుస్తకములుగా వెలువడినవి. చందమామ పత్రిక వెలువడుట ఇప్పుడు నిలిచిపోయినది గాని, ఆ కథలు దొరకుచున్నవి. ఉద్యోగ విరమణము చేసిన తరువాత నేను 'భల్లూక మాంత్రికుడు' కొని, దానిని సంచిలో పెట్టికొని బాపట్ల పోయితిని. బాపట్ల 2022లో జిల్లా కేంద్రమైనది. రేపల్లె కూడ ఇప్పుడు ఆ జిల్లాలోనిదే. పట్టణము చాల మారినది. అత్తయ్య కాలము చేసి చాలకాలమైనది. పడమటి గోడ ఉన్నచోట బావ వెడల్పైన వసారా కట్టించినాడు. అచట ఎవరును నిద్రింపరు.

నేను పుస్తకము బల్లపై పెట్టితిని. బావ చాలసేపు అట్టవైపు చూచి, "ఇంకా దీన్ని వదలలేదా నువ్వు?" అనెను. నేను బదులు చెప్పలేదు. అతడు కండ్లజోడు తుడిచికొని, "నాకు సన్నని అక్షరాలు ఆనవు. నువ్వు చదువు. ఎలుగుబంటి చేయెత్తిన దగ్గరనుంచి చదువు" అనెను. అతడా గుర్తును మరువలేదు.

చదువుట మొదలిడితిని. సాయంకాలమైనది. అతని మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, ఆడుకొనుచు వచ్చి వసారా మెట్టుపై కూర్చున్నది. పిలువకయే దగ్గరకు జరిగినది. రాత్రి భోజనమునకు పిలుపు వచ్చినను మువ్వురము లేవలేదు. కడపటి పుట ముగిసినది. బావ ఏమనునో యని చూచుచుంటిని. అతడు గోడ ఉన్నచోటివైపు కొంతసేపు చూచి, "బాగానే ముగించాడురా. దానికి నచ్చేది" అనెను.

ఆ పిల్ల, "తాతా, ఇంకా ఉందా?" అని అడిగినది.

బావ నావైపు చూచెను. "ఇలాంటివి ఇంకా పదకొండున్నాయి" అని నేను చెప్పితిని. ఆమెకు ఆ మాట చాలినది.

బాలబాలికలారా! మీకు ప్రియమైన పుస్తకము ముగిసినప్పుడు మీకును దుఃఖము కలుగవచ్చును, కోపము కలుగవచ్చును. అది తప్పు కాదు. ప్రేమింపని పుస్తకము ముగిసినందుకు ఎవరును కోపగింపరు. కాని కోపము చల్లారిన తరువాత ఒక పని చేయుడు. మొదటి పుట తెరచి, వ్రాసినవారి పేరు చూడుడు. వారు జీవించియున్నచో, మీ ఊరికి దగ్గరివారైనను దూరపువారైనను, ఒక కార్డు ముక్క వ్రాయుడు. మీకేమి నచ్చినదో చెప్పుడు. నచ్చనిదియు మర్యాదగా చెప్పుడు. బొమ్మ గీయ వచ్చినచో మూలలో ఒక బొమ్మ గీయుడు.

రేపల్లె తిరిగివచ్చిన రాత్రి నేను పాత పెట్టె తెరచి, 1978లో వ్రాసిన కాగితము తీసితిని. 'అయ్యా' అను మాటకు ముందు కొంత చోటు ఖాళీగా నున్నది. అందులో ఆయన పేరు వ్రాసితిని. నిష్ఠూరములను కొట్టివేయలేదు. వాని క్రింద, ఆ కథలు విన్న నలుగురి తరఫున, నమస్కారములని చేర్చితిని. కాగితమును ఎలుగుబంటి చేయెత్తి నిలిచిన ఆ కార్డుతో కలిపి మరల పెట్టెలోనే ఉంచితిని. నా యుత్తరమునకు ఇప్పుడు పేరున్నది. పంపుటకు విలాసము లేదు.